నేను మూడుసార్లు చంపిన బామ్మ

ఫిల్మ్‌నగర్‌లో పట్టపగలు, ఏసీ గదిలో, కళ్లజోడు పెట్టుకుని మరీ దెయ్యాన్ని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నవ్వకండి. ఆ రోజు ఒక సినిమాను పుట్టకముందే పాడె ఎక్కించబోయాను.

అప్పటికి నాకు యాభై తొమ్మిదేళ్లు, అంటే కుర్రతనం. ఒక దెయ్యం సినిమాకి మాటలు రాస్తున్నాను. నాలుగింటికి ఒక పెద్ద నటి కథ వినడానికి వస్తున్నారు. ఆవిడ బామ్మ వేషానికి ఒప్పుకుంటేనే సినిమా. లేదంటే ఎవరి సంచి వాళ్లు సర్దుకోవడమే.

చివరి సీన్లో బామ్మను చంపేసి, సేవ్ చేసి, టీకి వెళ్లాను. తిరిగొచ్చి ఫైలు తెరిస్తే బామ్మ బతికే ఉంది, దుప్పటి అడుగుతూ! మళ్లీ చంపాను. మళ్లీ లేచింది. మూడోసారి శ్మశానం దాకా సాగనంపి, నిప్పు కూడా నేనే పెట్టాను. పది నిమిషాలకు తెర మీద అదే మాట: "నాయనా, కాళ్లు చల్లబడుతున్నాయి, దుప్పటి కప్పరా."

చల్లబడినవి నా కాళ్లు.

క్యాంటీన్‌లో నిమ్మకాయ అడిగి తెచ్చుకుని డైరెక్టర్ గదికి పరుగెత్తాను. ఆయన బల్ల మీద అప్పటికే నిమ్మకాయ ఉంది!

"గురువుగారూ, ఆ చివరి సీన్లో తలుపు చప్పుడు పొద్దుట్నుంచి దిద్దుతున్నానండీ. దిద్దిందల్లా మాయమైపోతోంది. ఈ గదిలో ఎవరో ఉన్నారు."

"నా గదిలోనూ ఉన్నారు బాబూ. బామ్మ."

ఇంతలో నటి వచ్చేశారు. అప్పుడే ప్రింటు తీసిన కాగితాలు అందుకుని, పైకి చదివారు: "చితి అంటుకుంది. అందరూ వెనుదిరిగారు. బామ్మ: నాయనా, కాళ్లు చల్లబడుతున్నాయి, దుప్పటి కప్పరా."

డైరెక్టర్ గబుక్కున నిమ్మకాయ పట్టుకున్నారు. ఏసీ కూడా ఊపిరి బిగబట్టినట్టుంది.

తలుపు కిర్రుమంది. కంప్యూటర్లు చూసుకునే స్వప్న.

"ఏంది సార్, స్క్రిప్టు పక్కన తాళం ఫైలు ఎవరు తీసేసిండ్రు? ఒకరు రాస్తుంటే ఇంకొకరు ఉత్తగ చదవాలె, అందుకే గదా పెట్టింది! ఇద్దరు తెరిచేది ఒకటే ఫైలాయె, మీరు సేవ్ చేస్తే డైరెక్టర్ సార్ రాసింది పోతది, సార్ చేస్తే మీది పోతది. నడుమల ప్రింటు కొడితే సగం గిది, సగం గది!"

ఇక దాచి లాభం లేదు. పొద్దున ఫైలు తెరవగానే, 'వేరొకరు రాస్తున్నారు, మీరు చదువుకోవచ్చు' అంది కంప్యూటర్. ముప్ఫయ్యేళ్లుగా రాస్తున్నవాణ్ణి పట్టుకుని చదువుకోమంటుందా! ఆ బుల్లి తాళాన్ని చెత్తబుట్టలో పడేశాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలుసు; ఒక ఫైల్లో రెండు కలాలు కూడా ఇమడవని ఎవరు చెప్పారు?

నటి కాగితం దించలేదు. "కాలిపోయాక కాళ్లు చల్లబడటం... ఈ ఒక్క మాట కోసం చేస్తానండీ. ఎవరు రాశారిది?"

"నేనే!" అన్నాం, నేనూ డైరెక్టరూ ఒకేసారి.

స్వప్న నెత్తి కొట్టుకుంది. "నోళ్లకు గూడ తాళం ఎయ్యాల్నా సార్?"

ఆ నిమ్మకాయ సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: ఇంకొకరు రాస్తున్న ఫైలు జోలికి ఈ జన్మలో పోను, తాళం తీయను, నా వంతు వచ్చేదాకా వరసలో నిలబడతాను. బామ్మ లేచి వచ్చి అడిగినా సరే, దుప్పటి కప్పుతాను కానీ సేవ్ మాత్రం నొక్కను.