అద్దంలో కుడి పక్క

కత్తెర బాబాయి సెలూన్‌లో టీవీ కుర్చీల వెనక, గుమ్మం పైన ఉంటుంది. కటింగ్‌కి కూర్చున్నవాళ్ళు తల తిప్పకుండా ఎదుటి అద్దంలో ఆట చూసుకోవచ్చు. బాబాయీ అంతే. ఒక కన్ను కత్తెర మీద, ఒక కన్ను అద్దం మీద వేసి ఏళ్ళ తరబడి ఫుట్‌బాల్ చూస్తున్నాడు. మెషిన్ రొదలో వినబడి చావదు కనక సౌండు పెట్టడు. చొక్కాల మీద తిరగబడ్డ అంకెలు చదవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఇప్పుడాయన కూతురికే జాతీయ జట్టులో చోటు దొరికింది. సంతోషించాలి కదా? ఊహూఁ, ఒళ్ళు మండిపోతోంది. కోచమ్మ ముందు వరసలో ముగ్గుర్ని పెట్టి, తనని కుడి అంచున గీత పక్కన నిలబెడుతోందని కూతురు ఫోన్‌లో చెప్పింది. తను గీత వెంట పరిగెత్తాలి, అవతలి జట్టు డిఫెండర్లని, అంటే కాపలావాళ్ళని, వెంట లాక్కుపోవాలి, ఖాళీ అయిన మధ్యలోంచి ఇంకో అమ్మాయి గోలు కొట్టాలి. పేరు ఆ పిల్లకి, ఆయాసం మన పిల్లకి!

“ముందు నలుగురుండాలయ్యా!” అని బాబాయి అద్దం ముందు బల్ల మీద మూడు దువ్వెనలు, వాటి మధ్య పౌడరు డబ్బా పేర్చేవాడు. “ఈ డబ్బా మా అమ్మాయి. బంతి దీనికి రావాలి.” సగం తలతో కూర్చున్నవాడు ఔనౌననేవాడు. అనకపోతే మిగతా సగం తెమలదు మరి.

మొదటి ఆటకు ముందు ఆయన ఊరుకోలేక ఫోన్ చేశాడు. అవతలి జట్టు ఆడిన ఆటొకటి చూసి ఉన్నాడు.

“అమ్మా, వాళ్ళ కుడి కాపలా పిల్ల ఒట్టి నత్త. నీకెదురొచ్చే ఎడమది చిరుతపులి. సందు చూసి ఎడమ పక్కకి మారిపో.”

“కోచమ్మ తిడుతుంది నాన్నా.”

“ఆవిడకేం తెలుసు? నేను కళ్ళారా చూశానే!”

ఆట మొదలైంది. క్యారేజీ తెచ్చిన భార్య అద్దం కింది బెంచీ మీద కూర్చుని తిన్నగా టీవీలోకి చూస్తోంది. అద్దంలో కూతురు మొదట్నుంచే ఎడమ పక్కనుంది, మాట విందనుకున్నాడు బాబాయి. కాసేపటికి మైదానం దాటి అవతలి పక్కకి పోయింది.

“అటెందుకే పోతావు? ఎడమకి పొమ్మంటే కుడికి చచ్చింది!”

“ఖర్మ! ఎడమకేగా పోయింది,” అంది భార్య.

బాబాయి వెనక్కి తిరిగాడు. టీవీ చూశాడు. అద్దం చూశాడు. ఆ నత్తనీ చిరుతపులినీ అద్దంలోనే చూశాడు, కుడి ఎడమై కనిపించింది. నత్తని వదిలించి పిల్లని తానే చిరుతపులి దగ్గరికి తోలాడు. అది బంతి లాక్కుంది, వాళ్ళు గోలు కొట్టారు, కోచమ్మ కూతుర్ని బయట కూర్చోబెట్టింది.

సాయంత్రం కూతురే ఫోన్ చేసింది. “అద్దంలో చూశావు కదూ? ఆ కొట్టులోనే పెరిగాను, నాకైనా తట్టద్దూ! నువ్వు చెప్పావు కదాని వెళ్ళాను నాన్నా. ఇంకోసారి ఇలా చేస్తే ఇంటికి పంపించేస్తారట.”

ఆయనకు తన మీద తనకే అసహ్యమేసింది.

తరవాతి ఆట రోజు కుర్చీలో లెక్కల మాస్టారున్నారు. రెండో సగంలో కూతుర్ని మైదానంలోకి దింపగానే బాబాయి మెషిన్ కట్టేసి, కుర్చీని మాస్టారితో సహా టీవీ వైపు తిప్పేశాడు.

“బాబాయ్, నా తల!”

“తలెక్కడికి పోతుందండీ? కూర్చోండి!”

కూతురు కుడి గీత వెంట దూసుకుపోయింది. ఇద్దరు కాపలావాళ్ళు తన వెంటే పడ్డారు. మధ్యలో ఖాళీ అయింది. వెనకనుంచి వచ్చిన బంతిని ఇంకో అమ్మాయి గోల్లోకి తన్నింది.

“మీ అమ్మాయి బంతి ముట్టుకోనైనా లేదే!” అన్నారు మాస్టారు.

బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. “ముట్టుకోవడమెందుకండీ? ఆ ఇద్దర్నీ అటు లాక్కుపోయిందెవరు, మీ తాతగారా? కళ్ళు పెట్టుకుని సరిగ్గా చూడండి!”

అంటూనే మాస్టారి మెడకు చుట్టిన గుడ్డ కొసతోనే కళ్ళు తుడుచుకున్నాడు. దాని మీది వెంట్రుకలు పడి అవి ఇంకా మండాయి.