ముళ్ళు ఏరిన చేప

వీధి మలుపులో బట్టలు ఇస్త్రీ చేసే పెద్దాయన చేప కొంటుంటే పిల్లనివ్వడానికి ఇల్లు చూస్తున్నట్టుంటుంది. మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాడు, వాసన చూస్తాడు, కంట్లో మెరుపు లేకపోతే పక్కన పెట్టేస్తాడు. గుమ్మడికాయైనా పొద్దున కోసిందే కావాలి. ఇదంతా తనకు కాదు, పద్నాలుగేళ్ళ ఆడకుక్కకు. సంచుల్లో అమ్మే కుక్కతిండి గింజలు ఆయన గడప తొక్కవు. వాటిని కొనేవాళ్ళు తమ తిండి కూడా పొట్లాల్లోనే తింటారు, అది వేరే సంగతి. ఇస్త్రీ పెట్టె పట్టి కాయలు కాసిన వేళ్ళతో, ఉడికిన చేపలో ముళ్ళు ఒక్కొక్కటే ఏరతాడు. "నాకెప్పుడైనా ఇలా ఏరి పెట్టావా?" అంటుంది భార్య. "దానిలా మాట్లాడకుండా తింటానంటే పెడతా," అంటాడు.

మొన్న అది మూడు రోజులు గిన్నె ముట్టలేదు. దుప్పట్లో చుట్టి పశువుల డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళాడు. డాక్టరు దాని పొట్ట నొక్కి చూసి, చాలాసేపు చేతులు కడుక్కుని, "ఇక పథ్యమేం వద్దు తాతా. ఏది తింటే అది పెట్టు," అన్నాడు. "ఉప్పు కూడానా?" "ఉప్పు కూడా." ఇన్నేళ్ళూ దాని నోటికి ఉప్పు తగలనివ్వని మనిషికి ఆ మాట అర్థం కాకపోదు. ఇంకెన్నాళ్ళని అడగలేదు.

ఇంటి దగ్గర భార్య ఎదురొచ్చింది. "ఏమన్నాడు?"

"ఏదైనా పెట్టొచ్చన్నాడు."

"అంటే నయమైనట్టేగా. నేను చెప్పలా, నీ కూతురు గట్టి పిండమని," అంటూ తనకోసం వండుకున్న కూర గిన్నె తెచ్చి దాని ముందు వంచింది. కుక్క తలెత్తి రెండు ముక్కలు తింది. ఆమె ముఖం విప్పారింది.

"ఇంకొంచెం వెయ్యి," అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా.