బోణీకి ముందు ముంగిస

మా పెరటికి మూడు గోడలు మేం కట్టుకున్నవి. నాలుగోది రాతికోట గోడ. ఖిలా వరంగల్‌లో కొన్ని ఇళ్లకు ఈ సౌకర్యం ఉంది. వెనక గోడ ఖర్చు కాకతీయులు భరించారు. కోట చూడవచ్చే వాళ్లకు నేను బండి మీద కొబ్బరిబొండాలు అమ్ముతాను. బొండంతో పాటు ఒక కథ ఉచితం. ఆ రాళ్లను ఏనుగులు తొండాలతో కాదు, తోకలతో లాక్కొచ్చాయని ఒక కుటుంబానికి చెబితే, వాళ్లలో పెద్దాయన తోక మందం ఎంత ఉండేదని అడిగాడు. అన్ని కథలు చెప్పాను గానీ, ఆ రాళ్ల సందుల్లో ఎవరు కాపురముంటున్నారో ఎన్నడూ పట్టించుకోలేదు. పెరట్లోకి కోడి వచ్చాక పట్టించుకోక తప్పలేదు.

కోడి నాది కాదు, ఎదురింటి పెద్దమ్మది. మోకాళ్లు పట్టేసి పిల్లల వెంట తిరగలేనని, పొదిగి లేచిన నల్లకోడిని పిల్లలతో సహా మాకు పాలుకు ఇచ్చింది. పాలుకు ఇవ్వడమంటే మా దగ్గర పద్ధతి ఇది: తల్లి ఆమెది, మేత, కాపలా మావి, పిల్లలు ఎదిగాక చెరి సగం. తల్లిని మాత్రం తీసుకున్నది తీసుకున్నట్టే అప్పజెప్పాలి.

“పిల్లలు పోతే పోనీ కొడుకా,” అంది గంప నా చేతికిస్తూ. “దీనికేమన్న అయితే మాత్రం నేను మనిషిని కాను.”

ఊరికే అనలేదు. ఆమెకు ఇంట్లో మాట్లాడటానికి ఆ కోడి తప్ప ఇంకెవరూ లేరు. మాకు ఇచ్చాక కూడా సాయంత్రం తన అరుగు మీద నుంచే “తిన్నవా?” అని కేకేసేది. మొదటి రోజు నా భార్య “తిన్న పెద్దమ్మా” అని జవాబిచ్చింది.

“నిన్నెవలడిగిండ్రే? దాన్నడుగుతాన.”

ముందు గద్ద వచ్చింది. నా కళ్ల ముందే ఒక పిల్లను తన్నుకుపోయింది. పోయి పెద్దమ్మకు చెప్పాను.

“అయ్యో, నీ పాలుది పోయిందా?” అంది.

“నాదే అని నీకెట్ల తెలుసు?”

“నీ కాపలాల పోయింది గదా. నీదే.”

ఆ తర్వాత పోయినదీ నాదేనట. దిష్టిబొమ్మకు నా చొక్కా తొడిగి పెరట్లో నిలబెట్టాను. గద్ద వచ్చి దాని భుజం మీదే కూర్చుని, పెరడంతా తీరిగ్గా చూసుకుని, కావలసినదాన్ని ఎంచుకుంది. నా చొక్కా అంటే ఆకాశంలో కూడా ఎవరికీ భయం లేదని అలా తేలింది. చివరికి ఇంట్లో మిగిలిన హోలీ రంగు తీసి, సగం పిల్లలను నావిగా లెక్కేసుకుని వాటికి గులాబీ రంగు పులిమాను. రంగు చూస్తే గద్ద దిగదని ఎవరో అన్నారు. ఆ మాట నిజమే. రంగు పూసినవాటి జోలికి రాలేదు. మర్నాడు రంగు లేనిదాన్ని ఎత్తుకుపోయింది.

“గద్దతోని మాట్లాడుకున్నవారా?” అని పెద్దమ్మ అరుగు మీద నుంచే అరిచింది. “నీయి దాసుకోని, నాయి సూపెడుతున్నవా?”

ఆ పూటే మిగిలినవాటన్నిటికీ రంగు పడింది. గద్ద పీడ వదిలింది. ఏది ఎవరి పాలుదో తెలిసే దారీ దాంతోపాటే పోయింది.

హమ్మయ్య అనుకునేలోగా కోటగోడ సందులోంచి ముంగిస దిగింది. దొంగ అంటే చీకటి చూసుకుని వస్తాడు. ఇది పట్టపగలు, మా ఇంటి అల్లుడిలా వచ్చింది. దాని కంత పూడ్చుదామంటే అది కోటగోడాయె; సిమెంటు కాదు కదా, ఒక్క మేకు కొట్టినా ఊరుకోరు. కంతకు రాయి అడ్డం పెట్టాను. పక్క కంతలోంచి వచ్చింది. దానికీ అడ్డం పెట్టాను. ఇంకా పైనుంచి వచ్చి, నేను పెట్టిన రాయి మీద కూర్చుని మూతి తుడుచుకుంది. కర్ర పట్టుకుని లేస్తే, ఆ కర్రను నా భార్యే లాక్కుంది.

“ముంగిసను కొడతవా? పొద్దుగాల ఎదురొస్తే ఎంత మంచిదో ఎరుకేనా? అది తిరుగుతాందనే మన పెరట్ల పాము లేదు.”

“కోడిపిల్ల సుత లేకుంట పోతాంది గదనే!”

“పాము గావాల్నా, ముంగిస గావాల్నా? నువ్వే చెప్పు.”

నాకు రెండూ వద్దు, కోడి కావాలి. ఆ మాట వినే నాథుడు లేడు.

ఈ బాధ బండి దగ్గర ఎవరితోనైనా చెప్పుకుందామనుకున్నాను. కానీ బాధను బాధలాగే చెప్పడం నా నోటికి చేతకాదు. మట్టెవాడలో బట్టల దుకాణం నడిపే సేటు ఒకాయన ఆ రోజు చుట్టాలకు కోట చూపిస్తూ వచ్చి బొండం తాగుతున్నాడు. “మా పెరట్ల ముంగిస ఉన్నది సేటూ, బంగారు రంగుది. పొద్దున దాని మొగం సూసి బండి తీసిన్నంటే, పదింటికల్ల బొండాలు ఖతం” అన్నాను. అప్పటికి మధ్యాహ్నం దాటింది. ఆయన నా అమ్ముడుపోని బొండాల కుప్పకు ఆనుకునే నిలబడి ఉన్నాడు. అయినా నమ్మాడు.

మర్నాడు దుకాణం షట్టరు లేపకముందే స్కూటరు మీద మా ఇంటికి వచ్చాడు. ముంగిస కనపడింది. ఆ రోజు ఆయనకు బోణీయే పెళ్లిబట్టల బేరం తగిలిందట. ఇక చూడండి. తొలి గిరాకీ మంచిదైతే రోజంతా మంచిదని నమ్మే బజారు అది. కిరాణా వాళ్లు, గాజుల వాళ్లు, స్టీలు సామాన్ల వాళ్లు, తాళంచెవుల గుత్తులు పట్టుకుని పొద్దున్నే మా పెరట్లో వరుస కట్టారు.

“ఇంక రాలేదా అన్నా?”

“జర పిలువరాదే, దుకాణం తీసే టైమయితాంది.”

ముంగిస ఆలస్యానికి నేను జవాబుదారీ! నా భార్య వాళ్లకు చాయ్ కూడా పోసింది. కొందరు ముంగిసకు గుడ్లు తెచ్చారు. ఇంట్లో గుడ్డు ముట్టనివాళ్లు సైతం, పొట్లాన్ని రెండు వేళ్ల కొసలతో పట్టుకుని, మొహం అటు తిప్పుకుని గోడ కింద పెట్టిపోయారు. కోడిగుడ్డు రుచి మరిగినదానికి కోడి రుచి గుర్తుచేయాలా? మనిషి అలికిడికి పారిపోయే జంతువు, మనిషి అలికిడి వింటేనే దిగి రావడం మొదలుపెట్టింది. రోజూ పిల్లలు తగ్గుతున్నాయి.

“అది దొంగది! కోడిపిల్లలను తింటాంది! రాకుండ్రి!” అని మొత్తుకున్నాను.

“అంత మంచి శకునం నీ ఒక్కనికే దక్కాలెనా అన్నా?” అన్నాడు గాజులాయన.

సేటు నవ్వి నా భుజం తట్టాడు. “ఊకో అన్నా, నీ కతలు మాకెరుకలేవా?”

ఏనుగు తోక మందం అడిగే లోకం ఇది. నా పెరట్లో కోడిపిల్ల చస్తున్నదంటే మాత్రం నమ్మదు.

ఒక పొద్దున గంప ఎత్తి, తల్లినీ పిల్లలనూ వదిలి, నూకలు తేవడానికి లోపలికి పోయాను. వచ్చేసరికి ముంగిస దిగి ఉంది. గుడ్ల వంక కూడా చూడలేదు. తిన్నగా ఒక పిల్ల మీదికి పోయింది. నల్లకోడి అడ్డం తిరిగింది. రెక్కలు విప్పి గంపంత అయింది. కాళ్లతో తన్నింది, కళ్ల మీద పొడిచింది. ముంగిస దాని రెక్క పట్టుకుని గోడ వైపు ఈడ్వసాగింది. నాకూ వాటికీ మధ్య దుకాణాల వాళ్లు బారుగా నిలబడి ఉన్నారు. సగం మంది కళ్లు మూసుకుని చేతులు జోడించారు.

“జరుగుండ్రి! అరే, జరుగుండ్రి!”

“ష్, లొల్లి చెయ్యకన్నా. మంచిగ కనవడుతాంది.”

చెప్పు తీసి విసిరాను. అది స్టీలు సామాన్ల ఆయన వీపుకు తగిలింది. ఆయన నా చొక్కా పట్టుకున్నాడు. కోడి అరుస్తోంది. నల్లటి ఈకలు లేచి జోడించిన చేతుల మీద పడుతున్నాయి. నాకు ఒక్క అడుగు ముందుకు పడటం లేదు.

అప్పుడొచ్చింది పెద్దమ్మ. మోకాళ్లు పట్టేసిన మనిషి వీధి దాటి అంత వేగంగా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. నేను కల్పించి చెప్పాల్సిన పని లేకుండా నా ఇంట్లో జరిగిన సంగతి అదొక్కటే. చేతికర్రతో వరుసను రెండుగా చీల్చింది.

“బోణీ గావాల్నారా మీకు? రాండ్రి, ఈ కట్టెతోని చేస్త! ఒక్కొక్కడు రాండ్రి!”

ముంగిస కంతలోకి దూరింది. సేట్లు గేటులోంచి దూరారు. స్కూటర్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయాయి.

కోడికి ప్రాణం ఉంది. ఒక రెక్క చీలి వేలాడుతోంది. పెద్దమ్మ దాన్ని ఎత్తి కొంగులో చుట్టుకుంది. నన్ను తిట్టలేదు, నా వైపు చూడనైనా లేదు. తిడితే బాగుండేది, జవాబు చెప్పుకునేవాణ్ని. గేటు దాటుతుంటే కొంగులోంచి కోడి నీరసంగా కొక్కొక్ మంది. అంతే, మూలమూలలా దాక్కున్న గులాబీ పిల్లలన్నీ బయటికొచ్చి ఆమె వెనకే వీధి దాటిపోయాయి. “బా, బా” అని పిలిచాను. దోసిలితో నూకలు చల్లాను. ఒక్కటీ వెనక్కి తిరగలేదు. అందులో ఏ సగం నాదని అడగను?

“ఇగ ఏం కాపలా కాస్తవయ్యా?” అంది నా భార్య, చాయ్ గ్లాసులు ఏరుతూ. చేతిలో మిగిలిన నూకలను గోడకేసి కొట్టాను.

సాయంత్రం పసుపు, నూనె కలిపి గిన్నెలో పట్టుకుపోయాను. తలుపు దగ్గరగా వేసి ఉంది.

“ఎట్లున్నది పెద్దమ్మా?”

లోపలినుంచి, “సూస్తే సూడు. సూసి బండి కాడ ఒక్క ముక్క చెప్పినవో, కట్టె నీకు సుత ఉన్నది.”

మంచం కింద గంప. గంప పక్కన నేల మీద ఆమె. నీళ్లు ముట్టలేదని, మెడ వాల్చేసిందని చెప్పింది. పొద్దున అంతమందిని తరిమిన గొంతేనా ఇది అనిపించింది. గంప కొంచెం ఎత్తి, నూనె ముంచిన వేలు లోపల పెట్టాను. నల్లకోడి తల లేపింది, చూసింది, పొడిచింది. రక్తం వచ్చింది.

“అబ్బా!”

“పొడిసిందా?” పెద్దమ్మ గబుక్కున ముందుకు వంగింది. “నిజంగ పొడిసిందారా?”

“పొడిసింది పెద్దమ్మా, ఇగో రక్తం!”

“ఏదీ, ఇంకో వేలు పెట్టు.”