తోకుజికి చేపగుడ్ల అన్నం

కియోనో స్థిమితంగా కూర్చుని అన్నం తినడం ఆ రేవులో ఎవరూ చూడలేదు. గిన్నె ఎడమ చేతిలో ఉండగానే లేచి పొయ్యి దగ్గరకు వెళ్ళేది. అక్కడ పనేమీ లేకపోతే కిటికీ దగ్గరకు వెళ్ళి, జలసంధి మీద మంచు విడిందా, పడవలు తిరిగొస్తున్నాయా అని చూసేది. మళ్ళీ వచ్చి ఒక ముద్ద నోట్లో వేసుకునేది.

"నువ్వు అన్నం తింటున్నావా, అన్నాన్ని షికారు తిప్పుతున్నావా?" అనేవాడు మొగుడు తోకుజి.

"నడుస్తూ తింటేనే నాకు అరుగుతుంది. మీ గిన్నె సంగతి మీరు చూసుకోండి."

తోకుజి తిండి దగ్గర కదిలే మనిషి కాదు. అందులోనూ శరత్కాలంలో, ఊరబెట్టిన సాల్మన్ గుడ్ల జాడీ మూత తీసిన రోజున, ఆయన భోజనానికి కూర్చోవడమే ఒక తంతు. పొగలు కక్కే అన్నం మీద గుడ్లు వెయ్యనిచ్చేవాడు కాదు. "అన్నాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనియ్యి. ఈ వేడికి గుడ్డు తెల్లబడి చస్తుంది" అనేవాడు. పొగ పలచబడ్డాక చెక్క గరిటెతో గుడ్లు తీసి అన్నం మీద పరిచేవాడు. ఎర్రగా, లోపల దీపం పెట్టినట్టు మెరిసేవి. కలపకూడదు. ఒక అంచునుంచి అన్నమూ గుడ్లూ కలిసి వచ్చేలా తినే పుల్లలతో ఎత్తి నోట్లో పెట్టుకుని, పళ్ళ జోలికి పోకుండా, నాలుకతో అంగిట్లోకి అదిమి ఒక్కో గుడ్డునూ చిట్లించేవాడు. అలా చిట్లిస్తున్నంతసేపూ కళ్ళు మూసుకునేవాడు. వంటగది గుమ్మంలోంచి కియోనో ఆ మూసిన కళ్ళనే చూసేది.

ఆయన ఏప్రిల్‌లో పోయాడు. మూత్రపిండాలు చెడిపోయి, శీతాకాలమంతా పట్నం ఆసుపత్రిలో ఉప్పు లేని గంజి మీద బతికాడు. ఒకరోజు గంజి చెంచా పక్కకు నెట్టి, "శరత్కాలం రానీ. మన గుడ్లు వేసుకుని ఒక్క గిన్నె అన్నం తింటాను. డాక్టరు వద్దన్నాడంటే ఆయనకూ ఒక గిన్నె పెడదాం" అన్నాడు.

"అలాగే పెడతాను" అంది కియోనో.

ఆ మాట మాత్రం ఆమెను వదిలిపెట్టలేదు. వేసవంతా వీధిలో ఆరబెట్టిన సముద్రపు నాచు తిరగేస్తున్నా, పెద్దల గూట్లో ఆయన ఫోటో ముందు ఊదొత్తి వెలిగిస్తున్నా, అలాగే పెడతాను అన్న మాట చెవి వెనక దోమలా తిరిగేది. మనిషి పోయినా మాట పోలేదు. శరత్కాలం వస్తే ఆయన గిన్నె ఆయనకు పెట్టాలి. అదీ ఆయన రుచిలోనే.

చిక్కంతా ఆ రుచిలోనే ఉంది. చేప కొయ్యడం, గుడ్లు విడదీయడం కియోనో పని. పెళ్ళయిన దగ్గరనుంచీ ప్రతి శరత్తులోనూ సాల్మన్ షెడ్డులో రబ్బరు బూట్లు వేసుకుని నిలబడి అదే పని చేసింది. ఇంట్లో మాత్రం గుడ్లు ఊరే రసం తోకుజి కలిపేవాడు. సోయా సాసు, బియ్యపు సారా, తీపి సారా, ఒక నాచు పట్టీ. అన్నీ అందరిళ్ళలో ఉండేవే. ఏది ఎంతో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. ఆమె షెడ్డునుంచి వచ్చేసరికి మూత పెట్టిన గిన్నె సిద్ధంగా ఉండేది. ఆ వీధిలో ఏ ఇంటి జాడీ రుచి ఆ ఇంటిదే. కళ్ళకు గంతలు కట్టి నోట్లో పెట్టినా, ఇది ఫలానా వాళ్ళ గుడ్లు అని చెప్పగలరు.

సెప్టెంబరులో సాల్మన్ కోసం సముద్రంలో కట్టు వలలు దించారు. మొదటి రోజే కొడుకు కత్సుయ పడవనుంచి రెండు ఆడ చేపలు తెచ్చాడు. వెండి రంగులో, ముక్కు చిన్నగా, పొట్ట మెత్తగా ఉన్నాయి. కియోనో చాకు మొన లోపలికి దిగకుండా పొట్ట చీల్చి, జంట సంచులుగా ఉన్న గుడ్లను రెండు అరచేతులతో బయటికి తీసింది. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో ముంచి, రొట్టెలు కాల్చే ఇనుప వల మీద బోర్లించి, మెల్లగా రుద్దింది. గుడ్లు వాన చినుకుల్లా గిన్నెలోకి రాలాయి. నీళ్ళు తగలగానే పాలిపోయాయి. కొత్తవాళ్ళయితే పాడైపోయాయని పారబోస్తారు. పొరలు ఏరి, వడగట్టి, చిటికెడు ఉప్పు వేయగానే మళ్ళీ ఎరుపెక్కాయి. ఆపైన తన అంచనాకు రసం కలిపి పోసింది.

మర్నాడు పొద్దున రుచి చూసింది. బాగుంది. కానీ ఆయనది కాదు.

ఆ జాడీ పట్టుకెళ్ళి ఎదురింట్లో ఉండే ఆడబిడ్డ మినెకోకి ఇచ్చింది. మినెకో తోకుజి అక్క. మనిషి పొట్టి, గొంతు పెద్దది. వేలు ముంచి నాకి, "ఎవరి ఇంటివి?" అంది.

"మావే వదినా."

"అనుకున్నాను. అద్దెకొచ్చిన వాళ్ళ వంటలా ఉంది."

రెండోసారి కియోనోకి ఆత్రం ఎక్కువైంది. రెండు సారాలూ మరిగించి దించాక పూర్తిగా చల్లారనివ్వాలని తెలుసు. షెడ్డులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గిన్నె పక్కనే నిలబడి రెండుసార్లు వేలు పెట్టి చూసింది, మూడోసారి ఆగలేకపోయింది. వెచ్చటి రసం పడగానే గుడ్ల మెరుపు పోయింది. చూపు పోయిన కళ్ళలా మసకబడి కూర్చున్నాయి. షెడ్డులో అంతకాలం చేసిన మనిషి ఈ తప్పు చేసిందని వీధి వీధంతా నవ్వింది.

"కియోనో గారూ, ఈ ఏడు మేము జాడీ కడగనేలేదండీ. మీరు పంపినవే తింటున్నాం" అంది పక్కింటి ఇషిగురో కోడలు. "మా మావగారైతే, పాపం ఆవిడకి ఆ రుచి దొరక్కూడదని దణ్ణం పెట్టుకుంటున్నారు."

కియోనో కూడా నవ్వింది. నవ్వుతూనే ఇంటికి వెళ్ళి ఇంకో చేప కోసింది.

అక్టోబరంతా అలాగే గడిచింది. తీపి తగ్గించింది, నాచు మార్చింది, సోయా దుకాణం మార్చింది. తోకుజి వేసుకునే పాత కోటు జేబులు వెతికింది, ఏం దొరుకుతుందనో ఆమెకే తెలియదు. మధ్యలో లేచి వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేది. అన్నం పొయ్యి మీద మాడేది. పెద్దల గూట్లో రోజూ పొద్దున ఉత్తి అన్నమే పెట్టేది, గుడ్లు పెట్టేది కాదు. తప్పు రుచి పెడితే మాట చెల్లినట్టు కాదు కదా.

కత్సుయ ఓపిక పట్టాడు, పట్టాడు, ఒకరోజు పుల్లలు కింద పెట్టాడు.

"అమ్మా, ఇవి బాగున్నాయి. నిన్నటివీ బాగున్నాయి. ఇంకెన్ని చేపలు కోస్తావు?"

"బాగుండటం కాదురా. మీ నాన్న చేసినట్టున్నాయా లేదా చెప్పు."

"నాకు గుర్తులేదమ్మా."

"గుర్తులేదా? ఇన్నేళ్ళు తిన్నావు!"

"తిన్నాను. తిన్నదంతా గుర్తుపెట్టుకుంటారా ఎవరైనా? గురువారం వలలు ఎత్తేస్తున్నారు. ఆ తరవాత నువ్వు అడిగినా చేప రాదు."

కియోనో కోటు వేసుకుని బయటికి వెళ్ళిపోయింది. గాలి జలసంధి మీదనుంచి అడ్డంగా కొడుతోంది. ఎటు పోవాలో తెలియక రెండు అడుగులు రేవు వైపు, నాలుగు అడుగులు వీధి వైపు వేసి, చివరికి మినెకో తలుపు తోసింది.

"వదినా, మీరు ఆయనతో కలిసి పెరిగారు. ఆ రసంలో ఏం వేసేవాడో చెప్పండి. దాచకండి."

మినెకో స్టవ్ పక్కన కూర్చుని ఎండు చేప చీరుతోంది. తలెత్తి, "ఏ ఏటి రుచి కావాలే నీకు?" అంది.

"ఏ ఏడేంటి?"

"కత్సుయ పుట్టిన ఏడు మీ ఆయన సంతోషం పట్టలేక తీపి సారా రెండుసార్లు పోశాడు. నోట్లో పెట్టుకుంటే పానకం. తుఫానుకి వలలు కొట్టుకుపోయిన ఏడు ఉప్పు కషాయం చేశాడు. ఒక ఏడు నాచు వెయ్యడం మర్చిపోయి, కొత్త పద్ధతి అని కోతలు కోశాడు. మా తమ్ముడు ఏ ఏడూ ఒక్కలా చెయ్యలేదు. నడుం పట్టేసి మంచం ఎక్కాడే, ఆ ఏడు రసం కలిపింది నేను."

"మీరా?"

"నేనే. 'ఈ ఏడు మా ఆయన చెయ్యి తిరిగింది వదినా' అని మా ఇంటికొచ్చి మరీ చెప్పావు. వాడు నాకేసి చూసి కన్ను కొట్టాడు."

కియోనోకి ముందు కోపం వచ్చింది. మినెకో మీదా, కన్ను కొట్టిన వాడి మీదా. తరవాత నవ్వొచ్చింది. అది పూర్తయ్యేలోపే ఏడుపు వచ్చింది. మినెకో ఎండు చేప ముక్క ఒకటి ఆమె చేతిలో పెట్టి, "నములు" అంది. 

రెండు నెలలుగా వెంటాడుతున్న రుచి అసలు ఎక్కడా లేనే లేదని తెలిశాక కియోనోకి కుదురు రావాలి. రాలేదు. రుచి లేకపోయినా మాట ఉంది. శరత్కాలపు గుడ్లు, ఒక గిన్నె. వేటకు మిగిలింది గురువారం ఒక్కటే.

గురువారం కత్సుయ తెచ్చిన చేప చూసి ఆమె గుండె జారింది. గుడ్లు పెట్టడానికి నది దారి పట్టి, ఏటి నీళ్ళు రుచి చూసిన చేప అది. ఒళ్ళంతా గోధుమ రంగు మచ్చలు. పొట్ట చీల్చగానే గుడ్లు సంచీలోంచి వాటంతటవే జారిపడ్డాయి. ఒకటి బల్ల మీద పడి ఎగిరింది.

"పింగ్‌పాంగ్ బంతులు" అన్నాడు కత్సుయ.

ముదిరిన గుడ్లను షెడ్డులో అలాగే అంటారు. రసంలో ఎంతసేపు ఊరబెట్టినా నాలుక కింద చిట్లవు, తోలు నోట్లోనే మిగిలిపోతుంది. తోకుజి అలాంటివి ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు.

"వేరే పడవల్లో అడగనా?"

"అన్నిటిదీ ఇదే గతి. ఉండు."

గుడ్ల గిన్నె పట్టుకుని వంటగదిలో అటూ ఇటూ తిరిగింది. ముదురు గుడ్ల ఆ పచ్చి వాసనకే కాబోలు, పుట్టిల్లు గుర్తొచ్చింది. ఏటి ఎగువన, సముద్రం కనపడని పల్లె. సాల్మన్ ఈదుకుంటూ అక్కడికి చేరేసరికి ఎప్పుడూ ముదురే. వాళ్ళమ్మ ముల్లంగి, క్యారెట్, చేప తలకాయ వేసి పులుసు కాచి, దించేముందు గుప్పెడు గుడ్లు అందులో జారవిడిచేది. అవి పైకి తెల్లబడి, లోపల ఎర్రటి చుక్కతో తేలేవి. చేప చిక్కుడు గింజలు అనేవాళ్ళు వాటిని. పెళ్ళయిన మొదటి ఏడు కియోనో ఇక్కడా చేసింది. తోకుజి మూత తీసి చూసి, "గుడ్లని ఉడకబెట్టారా మీ పల్లెలో!" అని నవ్వాడు. తిట్టలేదు. ఊరికే నవ్వాడు. ఆమె మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు.

పొయ్యి వెలిగించింది. చేప తలకాయ కొట్టింది. ముల్లంగి, క్యారెట్ తరిగింది. పులుసు మరుగుతుండగా గుడ్లు వేసింది. అవి ఒక్కసారిగా తెల్లబడ్డాయి. మంట ఆపేసింది.

తోకుజి గిన్నెలో అన్నం పెట్టి, దాని మీద పులుసు పోసి, గుడ్లు పైకి వచ్చేలా సర్ది, పెద్దల గూట్లో ఫోటో ముందు పెట్టింది. చిన్న గంట కొట్టింది.

"ఏమండీ, ఇది మీరు అడిగింది కాదు. మీరు అడిగింది నాకు చాతకాలేదు. మీకూ చాతకాదట, మీ అక్క చెప్పింది. ఇది నాది. నవ్వుతారో, తింటారో మీ ఇష్టం."

పొగ పలచబడ్డాక గిన్నె దించింది. పెద్దలకు పెట్టింది చల్లారకముందే ఇంట్లోవాళ్ళు తినాలి. కత్సుయ చేతికిచ్చింది. వాడు ఒక గింజ కొరికాడు. టప్ మని చిట్లింది.

"ఇదేంటమ్మా?"

"మా అమ్మ వంట."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదు?"

"మీ నాన్న నవ్వాడు."

వాడు తల్లి ముఖంలోకి చూసి, మళ్ళీ గిన్నెలోకి వంగాడు. అప్పుడే తలుపు తెరుచుకుంది. గాలితో పాటు మినెకో గొంతు లోపలికి వచ్చింది.

"ఏమిటే ఆ వాసన? కొండల్లో వాళ్ళ కూడులా ఉంది."

"అదే. తింటే కూర్చోండి, లేకపోతే తలుపు వెయ్యండి. చలి."

మినెకో కూర్చుంది. ఒక గింజ నమిలింది, ఇంకోటి నమిలింది.

"గట్టిగా ఉన్నాయే."

"ఆఖరి చేప వదినా. పళ్ళతో కొరకాలి."

"వాడికి పెట్టావా?"

"ముందు ఆయనకే."

మినెకో నోట్లోది నములుతూనే గిన్నె మళ్ళీ చాచింది.