రెండో గేరులో ఆముదం

మా ఆయనకి ఇంట్లో మాట్లాడటం రాదు. తన బియ్యం మిల్లులో మాత్రం ధాన్యం తెచ్చిన రైతులతో గంటలకొద్దీ మాట్లాడేవారు. గుమ్మంలో చెప్పులతోపాటు ఆ నోటిని కూడా విప్పేసి లోపలికి వచ్చేవారేమో! పిల్లల్లేని ఇల్లు. తాడేపల్లిగూడెంలో మా మేడలో, వంటావిడ మధ్యాహ్నం వెళ్ళిపోయాక పొద్దువాలేదాకా నాతో పలికే ప్రాణి ఉండేది కాదు. పిచ్చెక్కినట్టయి, రోడ్డు మీద పోయే ఎడ్లబండి వాళ్ళని ఆపి ఏ ఊరు మీదని ఊరికే అడిగేదాన్ని.

అలాంటి ఇంట్లోకి పంతొమ్మిది వందల ముప్ఫైల చివర్లో ఒక కారు వచ్చింది. కాలవల ఇంజనీరుగా ఉన్న దొర ఒకాయన సీమకి వెళ్ళిపోతూ మా ఆయనకి అమ్మేశాడు. దాని గేర్లు వింతగా ఉండేవి. స్టీరింగు కింద చిన్న పుల్ల. ఏ గేరు కావాలో ముందే ఆ పుల్లని ఆ అంకె దగ్గర పెట్టుకోవాలి. తర్వాత ఎడమ కాలితో పెడలు పూర్తిగా తొక్కి వదిలితే గేరు దానంతట అదే మారుతుంది. వచ్చిన డ్రైవర్లందరూ మామూలు కార్ల అలవాటుకొద్దీ పెడలుని సగమే తొక్కేవారు. అది ఎగిరి మోకాలిచిప్ప అదరగొట్టేది. "ఇదేం దెయ్యం బండండీ బాబూ" అని దణ్ణం పెట్టి పోయేవారు. నాకు ఏ కారూ అలవాటు లేదు కాబట్టి దొర వెళ్ళేముందు చెప్పినట్టే తొక్కాను. నాకు వచ్చేసింది.

ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ! నాకు కావలసింది మా అక్క. అక్క కొల్లేటి లంకలో ఉండేది. భర్త పోయాక కూడా ఆ పొలం, ఆ పాక వదలనంది. ప్రతి శుక్రవారం నేను భీమడోలు దాటి ఎడమకి తిరిగి, కొల్లేటి ఒడ్డుదాకా కారు నడుపుకుంటూ వెళ్ళేదాన్ని. అక్క దోనెలో వచ్చేది. ఇద్దరం కారులోనే కూచుని చద్దన్నం తిని, తిట్టుకుని, నవ్వుకుని, ఎవరి దారిన వాళ్ళం పోయేవాళ్ళం. వారం మొత్తం మీద నేను మనిషిగా బతికింది ఆ పూటే.

కార్తీకంలో బండి మొరాయించింది. దారిలో కాలవ వంతెన ఎక్కాలంటే రెండో గేరు కావాలి. పెడలు తొక్కి వదిలితే ఇంజను ఒకటే రొద, బండి మాత్రం వెనక్కి జారుతోంది. దారినపోయేవాళ్ళ చేత రాయి అడ్డం పెట్టించి, ఎలాగో తిప్పుకుని ఇంటికొచ్చాను. ఆ శుక్రవారం అక్కని చూడలేదు. ఆ పై శుక్రవారమూ లేదు.

మా ఆయన భోంచేస్తూ అన్నారు. "ఇంజను విప్పించి మిల్లులో నీళ్ళు తోడటానికి పెట్టిస్తాను. వచ్చే వారం మనుషులొస్తారు."

"నన్నొక్క మాట అడగనక్కర్లేదాండీ?" అన్నాను. ఆయన మజ్జిగ పోసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడే ఏలూరులో కార్లు బాగుచేసే సాయిబుగారికి కబురు పెట్టాను. రైల్లో దిగారు. పెద్దవారు, నెమ్మదస్తులు. బండి ముట్టుకోకుండా ముందు నన్నే అడిగారు.

"మిగతా గేర్లు పడుతున్నాయాండీ అమ్మగారూ?"

"శుభ్రంగా పడుతున్నాయండీ. రెండోదే జారుతోంది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు మరీను."

"అయితే ఇంజనుకేం రోగం లేదండీ. ఆ గేరు పట్టీ బిగవట్లేదన్నమాట."

లోపల ఒక్కో గేరుకీ ఒక డ్రమ్ము, దాని చుట్టూ ఒక పట్టీ ఉంటాయట. పట్టీ బిగిస్తేనే ఆ గేరు. అరిగే కొద్దీ, పెడలు తొక్కినప్పుడల్లా ఒక చిన్న బిళ్ళ కాస్త తిరిగి పట్టీని మళ్ళీ బిగిస్తుందట. మా రోడ్ల మీద రెండో గేరు వాడకం ఎక్కువ కాబట్టి ముందు అరిగింది అదే. మరి బిళ్ళ ఎందుకు తిరగలేదు? సాయిబుగారు మూత తీసి, వేలు ముంచి వాసన చూశారు. జిగురులా సాగింది.

"ఆముదమండీ అమ్మగారూ! ఈ జిగటకే బిళ్ళ అతుక్కుపోయింది. ఇందులో ఎవరు పోశారండీ?"

ఇంకేం, నేను లేచాను. పొద్దున్నే కారు తుడవటానికి వచ్చే మిల్లు కాపలావాణ్ణి పిలిచి ఎడాపెడా వాయించాను. "కళ్ళు నెత్తికెక్కాయా? ఇదేం ఎడ్లబండి ఇరుసనుకున్నావా?" వాడు గుమ్మం వైపు చూశాడు.

"వాణ్ణేమీ అనకు. నేనే పోశాను."

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. సాయిబుగారి వైపు కూడా చూడకుండా నేలకే చెప్పారు. "దసరాకి ఆయుధపూజలో మిల్లు యంత్రాలన్నిటికీ ఆముదం పోశాం. నీ కారుకి పోయకపోతే నువ్వు చిన్నబుచ్చుకుంటావేమోనని…"

నేను చిన్నబుచ్చుకుంటానని ఈ మనిషికి ఎప్పుడైనా తోచిందా! ఏదో ఒకటి అందామనుకునేలోపు ఆయన మిల్లుకి వెళ్ళిపోయారు.

సాయిబుగారు ఆముదం దింపి, కిరసనాయిలుతో కడిగి, పల్చటి ఆయిలు పోశారు. నన్ను కూచోబెట్టి, "రెండో గేరు పెట్టి తొక్కండమ్మా, వదలండి, మళ్ళీ తొక్కండి" అన్నారు. కాలు పీకేదాకా తొక్కాను. లోపల బిళ్ళ కదిలి, ఉన్నట్టుండి పెడలు బరువెక్కింది. పట్టీ పట్టింది. ఇంజను విప్పటానికి వచ్చిన మనుషుల్ని నేనే వెనక్కి పంపేశాను.

శుక్రవారం వంతెన సునాయాసంగా ఎక్కాను. ఒడ్డున అక్క అప్పటికే కూచుని ఉంది. బండి రాని శుక్రవారాలు కూడా వచ్చి, ఎండ వాలేదాకా చూసి, చద్దన్నం మూట విప్పకుండానే వెళ్ళిపోయిందట. కారెక్కగానే ముక్కు చిట్లించింది.

"ఏవిటే ఈ ఆముదం కంపు?"

జరిగింది చెప్పాను. అక్క కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వి నవ్వి, పైట కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెడగొట్టడానికైనా నీకో మనిషున్నాడే," అంది. "నాకు ఆపాటి దిక్కు కూడా లేదు."

దోనె తుంగలో కనుమరుగయ్యేదాకా అక్కడే ఉన్నాను. తిరుగుదారంతా ఆయనతో ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. అక్క అన్న మాట చెప్పాలి. వచ్చే శుక్రవారం మీరూ రండి, అక్క చేపల పులుసు తెస్తుంది అనాలి. ఆముదం పోసినందుకు నాకు కోపం లేదని, నిజానికి ఏడుపొచ్చిందని కూడా చెప్పేద్దామనుకున్నాను.

ఇల్లు చేరేసరికి ఆయన గుమ్మంలోనే ఉన్నారు.

"గేరు పట్టిందా?"

"పట్టిందండీ."

ఆయన తలూపి, చెప్పులు వేసుకుని మిల్లుకి వెళ్ళిపోయారు. భీమడోలు నుంచి మోసుకొచ్చిన మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. వంటావిడ అప్పటికే వెళ్ళిపోయింది. ఇంజను ఇంకా వేడిగా ఉంది, ఎంత కడిగినా పోని ఆముదం వాసన కొద్దికొద్దిగా వస్తోంది. లోపలికి వెళ్ళబుద్ధి కాక కాసేపు ఆ కారు పక్కనే నిలబడ్డాను.