కోడిపిల్ల కన్నూ, సారు ఉత్త వరుసా

మా సారు పోయిన వార్త నాకు నయాపూల్ దగ్గర తెలిసింది. చెప్పినవాడు మా పరిశోధనశాలకు కోడిగుడ్లు తెచ్చే భాయ్. సైకిలు దిగి, "అన్నా, మీ పెద్దసారు పోయిండంట. నిద్రల్నే. తక్లీఫ్ పడలే," అన్నాడు. "పిల్లలయ్యే గుడ్లే తేవాలని నా జాన్ తినేటోడు. గా గుడ్లల్ల ఒక్కటన్న వండుకొని తిన్నడో లేదో," అని నవ్వబోయి తల దించుకున్నాడు.

పదో తరగతితో చదువు ఆగిన నేను అక్కడ సహాయకుడిగా చేరి, విన్న ప్రతి మాటనూ నోటుబుక్కులో వరుసగా రాసుకుంటూ నేర్చుకున్నాను. సారు దానికి నవ్వలేదు. ఆదివారాలు మొఘల్‌పురాలోని తన ఇంట్లో, టీ సాసరులో పోసి చల్లార్చుకుంటూ నా ప్రశ్నలకు ఒక్కొక్కటిగా జవాబిచ్చేవారు. నాకు దొరికిన కాలేజీ అదే.

కోడిపిల్ల ఒంట్లో ప్రతి కణంలోనూ అవే జన్యువులుంటాయి. మరి కంటి కటకానికి కావలసిన మాంసకృత్తిని చేసే జన్యువు కంటిలోనే ఎందుకు పనిచేస్తుంది? దాని ముందుండే చిన్న డీఎన్ఏ ముక్క స్విచ్చులాంటిదని సారు నమ్మకం. "తెల్వని తీగకు బల్బు కట్టి చూసుడే, తమ్మీ," అనేవారు. ఆ ముక్కకు ఒక బాక్టీరియా జన్యువును బల్బులా తగిలించి, పిండం కంటి కణాల్లోకి పంపేవాళ్లం. స్విచ్చు పనిచేస్తే చివరికి ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్లచుక్క పడుతుంది. పక్క వరుసలో స్విచ్చు లేని ఉత్త బల్బు. అక్కడ చుక్క పడకూడదు; పడితే వెలిగించింది స్విచ్చేనని చెప్పలేం.

సారు పదవీ విరమణకు కొన్ని వారాల ముందు చుక్క పడింది. ఉత్త వరుసలోనూ పలచగా పడింది. ఆ పని చేస్తున్న పరిశోధక విద్యార్థిని మొహం వాడిపోయింది. ఆమె సిద్ధాంత వ్యాసమంతా దాని మీదే నిలబడి ఉంది.

"కనవడీ కనవడనట్టుంది సార్. గా వరుస కోసేసి అచ్చుకు పంపుదాం. మీరు పోయేలోపు పేరొస్తది," అన్నాడు ఒక సహోద్యోగి.

"పేరొస్తది. రేపెవరన్న గా చుక్కేందని అడిగితే ఈ బిడ్డ ఏం చెప్తది?" అన్నారు సారు. కోప్పడలేదు. పనంతా మొదటి నుంచి చేసి చూపించమని, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

అసలుది ముందు, ఉత్తది చివర: అది మా అలవాటు. ద్రవాలు కొలిచి పోసే గాజు పిపెట్లు కడిగి మళ్లీ వాడుకునే రోజులవి. అసలు డీఎన్ఏ జాడ పిపెట్ కొనకు అంటుకుని ఉత్తదానిలోకి చేరుతోందని సారు పట్టుకున్నారు.

"ఏం లేనిదే కదా అని ఆఖర్న పెట్టిండ్రు. ఇగ మొదాలు దాని పనే. దాని పిపెట్ దానికే," అన్నారు. నేటికీ మా బల్ల మీద పని అలాగే మొదలవుతుంది.

కొత్త ఫిల్మ్ వచ్చేసరికి సారు పదవీ విరమణ చేశారు. ఆ విద్యార్థిని, నేను దాన్ని మొఘల్‌పురాకు తీసుకువెళ్లాం. ఆమె కవరు విప్పి ఫిల్మ్ అందించింది. సారు ఫిల్మ్‌ను కిటికీకి ఎత్తిపట్టారు. అసలు వరుసలో చుక్క నల్లగా నిలిచి ఉంది. ఆయన అటు చూడలేదు. ఉత్త వరుస మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా జరిపారు.

"మస్తుంది బిడ్డా. ఇగ రాసుకో," అన్నారు.

ఆ వరుసలో ఏమీ లేదు. లేత నీలం ఫిల్మ్ గుండా ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పట్లు, వాటిని దులుపుతున్న ఒక ఆవిడ, మధ్యలో మరకేదీ అడ్డు లేకుండా కనిపించారు.