తుడిచిన కళ్ళు

స్టూడియో మామయ్య తీసిన ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు లోపలికి రానివ్వడని ఆ వీధివాళ్ళు హాస్యమాడేవారు. మనిషి ఒకరు, ఫొటో ఇంకొకరు. మొటిమలు మాయం, కళ్ళ కింద నలుపు మాయం, చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు మాయం. అడిగినా అడక్కపోయినా చేసేవాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, చెయ్యి తనంతట తానే మరకల్ని వెతుక్కుంటూ పోయేది. ఉన్నది ఉన్నట్టు చూసుకోవడానికైతే ఇంట్లో అద్దం ఉంది కదా, నా దగ్గరికెందుకు రావడం అనేవాడు. మంచివాడే, కాదనడానికి లేదు. కాకపోతే ఎవరి మొహంలో బాధ కనిపించినా చూస్తూ ఊరుకోలేని రకం మంచివాడు. ఆ రకం మంచివాళ్ళతో వేగడం కష్టం.

పెళ్ళి మాటెత్తితే దాటేస్తూ దాటేస్తూ యాభై దాటించిన మనిషి. కింద స్టూడియో, పైన రెండు గదులు. ఏడాది కిందట ఆ గదుల్లో ఒకటి చెల్లెలికి ఇచ్చాడు. ఆమె భర్త చాలాకాలం మంచాన పడి, ఊపిరితిత్తులు పాడైపోయి చనిపోయాడు. అన్నాళ్ళూ ఆయన్ని ఆమె ఒక్కతే కంటికి రెప్పలా చూసుకుంది. చుట్టాలు ఆమె మీద జాలికొద్దీ సంచులు సంచులు పంపారు. కట్టి విడిచిన బట్టలు, పిడి ఊడిన గిన్నెలు, సగం వాడిన సబ్బులు కూడా. వాటిని చూస్తే మామయ్యకు ఒళ్ళు మండేది. ఆమె మాత్రం అన్నీ మడతపెట్టి సర్దుకునేది. "బాగానే ఉన్నాయిలే అన్నయ్యా" అనేది. తిన్నావా అంటే తిన్నాను, నిద్రపట్టిందా అంటే పట్టింది, ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నాను. అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. రోజంతా కిటికీ పక్కన కూర్చుని ఎదురింటి గోడ చూసేది. ఆమెను మళ్ళీ మనుషుల్లో పడేస్తే చాలు, ఈ జన్మకు ఇంకేమీ అక్కర్లేదనుకునేవాడు అన్న.

స్టూడియోకి పిల్లుల ఫొటోల కోసం ఇద్దరు వచ్చేవారు. ఒకాయన కూనల వ్యాపారి. పొడుగు బొచ్చు, చప్పిడి ముక్కు ఉన్న జాతి కూనల్ని బుట్టలో తెచ్చి, నీలం గుడ్డ మీద కూర్చోబెట్టి ఫొటోలు తీయించుకుని, ఫోన్లో పెట్టి అమ్ముకునేవాడు. మాట మెత్తన, డబ్బు దగ్గర బేరం లేదు. రెండో మనిషి రిటైరైన టీచరమ్మ. రోడ్డు మీద దొరికినవి, జనం వదిలేసి పోయినవి ఇంట్లో పెట్టుకుని సాకేది. ఎవరైనా వచ్చి పెంచుకోవడానికి తీసుకెళ్తారేమోనని ఫొటోలు తీయించేది. ఒకదానికి చెవి చిరిగి ఉండేది, ఇంకోదానికి ఒకటే కన్ను. మామయ్య ఆ చెవిని కంప్యూటర్లో అతికించబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేసేది. "ఉన్నది ఉన్నట్టు ఉంచు బాబూ. తెలిసి తీసుకెళ్ళినవాళ్ళే దాన్ని ఉంచుకుంటారు" అనేది. ఆవిడ దగ్గర మామయ్య డబ్బు తీసుకునేవాడు కాదు. ఆ ఫొటోలు చూసి ఎవరూ పెద్దగా వచ్చేవారూ కాదు.

ఒక సాయంత్రం చెల్లెలు టీ ఇవ్వడానికి కిందికి దిగింది. కంప్యూటర్ మీద వ్యాపారి తెచ్చిన కూన ఫొటో ఉంది. తెల్లటి బొచ్చు, కడిగిన గాజుల్లా మెరిసే కళ్ళు. ఆమె గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఎంత బాగుంది అన్నయ్యా" అంది. అంతే. ఏడాదిలో ఆ మనిషి నోట తనంతట తానుగా వచ్చిన మొదటి మాట అది. మామయ్యకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు టీచరమ్మ వస్తే, ఆ కూనను చెల్లెలికి కొంటున్నానని ఆపుకోలేక చెప్పేశాడు. ఎంతకిస్తున్నాడని ఆవిడ అడిగింది. స్టూడియో అద్దె రెండు నెలలు కట్టొచ్చు, అంత. ఆవిడ ధర గురించి ఏమీ అనలేదు. ఆ కూన తల్లి ఎక్కడుందో, ఎలా ఉందో ఎప్పుడైనా అడిగావా అంది. తన దగ్గరా కూనలున్నాయని, టీకాల ఖర్చు ఇస్తే చాలని, మీ చెల్లెల్ని ఒక్కసారి మా ఇంటికి పంపమని అంది. ఫొటో చూసి కాకుండా ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూసి తీసుకోమంది. మామయ్య మొహం కందిపోయింది.

"ఎవరో వదిలేసినవి మా చెల్లెలికి ఇప్పటికే చాలా వచ్చాయి టీచరమ్మా. తన కోసమని కొన్నది ఒక్కటైనా ఉండనివ్వండి."

ఆ మాటలో ప్రేమ ఉంది. ప్రాణమున్న దాన్ని కొత్తది, వాడింది అని లెక్కగట్టే తెలివితక్కువతనమూ ఉంది. రెండూ కలిసే వస్తాయి చాలామందికి.

వ్యాపారి కూనను స్టూడియోకే తెచ్చి ఇచ్చాడు. మామయ్య దాన్ని చొక్కాలో దాచుకుని మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కేశాడు. చెల్లెలు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. మొహం దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత అన్న మొహం చూసింది. చూసి నవ్వింది. బాగుంది అన్నయ్యా, చాలా బాగుంది అంది. ఆ రోజు మామయ్యకు ఏనుగెక్కినంత సంబరం. వచ్చిన ప్రతి గిరాకీకీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

దూది అని పేరు పెట్టుకుంది. పై గదిలోంచి మాటలు వినిపించేవి. దానితో ఏవేవో చెప్పుకునేది. కింద మామయ్య పాత పాటలు కూనిరాగాలు తీస్తూ పనిచేసుకునేవాడు. ఎప్పుడు పైకి వెళ్ళినా కూన ఆమె ఒళ్ళోనే, అప్పుడే ఫొటోకి తయారైనట్టు శుభ్రంగా ఉండేది. ఎక్కువగా పడుకునే ఉండేది. చిన్నపిల్ల కదా, పడుకోక ఏం చేస్తుంది అనుకున్నాడు. చిక్కేమిటంటే ఆయన ఆ కూనను ఒక్కసారైనా సరిగా చూడనేలేదు. ఆయన కళ్ళలో ఉన్నది ఫొటో.

ఒక ఉదయం అది తిండి ముట్టలేదు. డొక్కలు ఎగరేస్తూ, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆటోలో పశువుల ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద పెట్టి, గుండె విని, సూది వేసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. తల్లి దగ్గర ఇంకా ఉండాల్సిన పిల్ల అంది. జలుబులా మొదలై ఊపిరితిత్తులకు పాకిందట. తెచ్చుకున్న కొత్తలోనే తీసుకొచ్చి ఉంటే బతికేదని, ఇప్పుడు తన చేతుల్లో లేదని మెల్లిగా చెప్పింది. ఇంటికి తెచ్చాక, మధ్యాహ్నం, దూది చెల్లెలి ఒళ్ళోనే పోయింది. స్టూడియో వెనక నీళ్ళ పంపు పక్కన ఇద్దరూ గొయ్యి తీసి పూడ్చారు. ఆమె ఏడవలేదు. కాళ్ళు కడుక్కుని పైకి వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది.

మామయ్యకు డాక్టరమ్మ మాట మింగుడు పడలేదు. కొత్తలో దానికేమీ లేదే, కళ్ళు అంత తేటగా ఉంటేనూ అనుకున్నాడు. నిదర్శనం కోసం కంప్యూటర్లో మొదట తీసిన ఫొటో, చెయ్యి పెట్టకముందుది, తెరిచి చూశాడు. రెండు కళ్ళ మూలలా పసుపుపచ్చని పుసి. ముక్కు కింద తడి ఆరి కట్టిన చార. దాన్ని తుడిచిన గుర్తు కూడా లేదు ఆయనకి. మొటిమల్ని తుడిచినట్టే, టీ తాగుతూ, ఎప్పుడో తుడిచేశాడు.

అప్పుడు చెల్లెలితో చెప్పి వ్యాపారి ఇంటికి వెళ్ళాడు. అంతవరకూ ఆ ఇల్లు చూడలేదు. వెనక గదిలో గోడ పొడుగునా ఇనుప బోన్లు, వాసనకు కళ్ళు మండాయి. కింది బోనులో ఒక తెల్లపిల్లి పక్కకు పడి ఉంది. పొట్ట మీద కొత్త కూనలు. బొచ్చు ఉండలు కట్టి, వెన్నెముక లెక్కపెట్టేలా ఉంది. మీ కూనకు తల్లి ఇదేనన్నాడు వ్యాపారి. మంచి ఈతది, ఖాళీ ఉండదు అన్నాడు. ఆయనలో దుర్మార్గం కూడా కనిపించలేదు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, కూన పోయిందంటే అయ్యో పాపం అన్నాడు. కొన్న కొత్తలో పోతే బదులు ఇంకోటి ఇవ్వడం తన పద్ధతి అని, వీటిలో మీకు నచ్చింది తీసుకోమని అన్నాడు. మామయ్య కుర్చీలోంచి లేచాడు. కోపమొచ్చిందేమోనని వ్యాపారి ఇంకాస్త మెత్తగా మాట్లాడాడు.

"మీ చేతి చలవ సార్. అందరూ మీ ఫొటోలు చూసే కొంటున్నారు. మీకు అన్యాయం చేస్తానా?"

ఆ మాట ఒంటికి అంటించుకుని వీధులన్నీ నడిచాడు మామయ్య. ఎన్ని ఇళ్ళలో తను తుడిచిన కళ్ళు మూతలు పడ్డాయో ఎవరు చెప్తారు? ఉత్త చేతుల్తో ఇంటికొచ్చి, పైకెక్కి, చెల్లెలి ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"ఫొటోలో దాని కళ్ళు తుడిచింది నేనేనమ్మా. దానికి బాగాలేదు. నేనే దాచేశాను."

ఆమె కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. "నాకు తెలుసు అన్నయ్యా. చేతిలోకి తీసుకోగానే తెలిసింది. ఆయన్ని అన్నాళ్ళు చూసుకున్నదాన్ని, ఊపిరి ఎలా ఉందో నాకు తెలీదా? కళ్ళు పుసులు కట్టేవి. నువ్వు మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే తడిగుడ్డతో తుడిచేసేదాన్ని."

"ఒక్కమాట చెప్తే…" అని ఆగిపోయాడు. డాక్టరమ్మ మాట ఇద్దరి మధ్యా ఉంది.

"ఎలా చెప్పను? తెచ్చిన రోజు నీ మొహం నువ్వు చూసుకోలేదు. నేనొచ్చాక నువ్వు నవ్వింది ఆ ఒక్కరోజే. రెండు రోజుల్లో అదే తగ్గుతుందిలే అనుకున్నాను. నువ్వు పాడుకుంటున్నావని నోరు మూసుకున్నాను. దాని ప్రాణం తీసింది నేను."

కింద ఎవరో మామయ్యా, పాస్‌పోర్ట్ ఫొటో అని పిలిచారు. ఆయన లేవలేదు. నీ తప్పేం లేదమ్మా, అన్నీ సర్దుకుంటాయి అని మొదలుపెట్టాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దన్నయ్యా. నేను బాగాలేను. ఆయన పోయినప్పటి నుంచి ఒక్కరోజు కూడా బాగాలేను. నువ్వు అడిగిన ప్రతిసారీ అబద్ధమే చెప్పాను."

మామయ్య తల దించుకున్నాడు. కింద పిలిచినవాళ్ళు ఇంకోసారి పిలిచి వెళ్ళిపోయారు. ఆమె దూది గురించి చెప్పడం మొదలుపెట్టింది. రోజూ తల్లి కోసం అరిచేదట. అరిచి అరిచి ఆమె చీర కొంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ పడుకునేదట. చెప్తూ చెప్తూ ఆగింది.

"వాళ్ళింటికి వెళ్ళావుగా. దాని తల్లి ఉందా? ఎలా ఉంది?"

బాగానే ఉందమ్మా అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ఆయన మొహంలోకే చూస్తోంది.

"బాగాలేదమ్మా" అన్నాడు. బోను, ఉండలు కట్టిన బొచ్చు, పొట్ట మీది కొత్త కూనలు, అన్నీ చెప్పాడు. ఆమె మొహం చేతుల్లో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఏడాదిగా ఎవరికీ వినిపించని ఏడుపు అది. మామయ్య ఊరుకోమనలేదు.